పాత పేరు ఉండగానే కొత్త గౌరవం: పేటకు మేలు చేసినవారి పేరు వీధి బోర్డు మీదికి తేవడం ఎలా

2022 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరం ఫ్లషింగ్ ప్రాంతంలోని బౌన్ స్ట్రీట్‌లో కొత్త బోర్డు ఒకటి వెలిసింది: గణేశ్ టెంపుల్ స్ట్రీట్. అక్కడున్న వినాయకుడి గుడికి గుర్తుగా పెట్టిన పేరది. పాత బోర్డును ఎవరూ తీయలేదు. ఇళ్ల నంబర్లు మారలేదు. ఉత్తరాలు ఇప్పటికీ బౌన్ స్ట్రీట్ చిరునామాకే వస్తాయి. ఆ బౌన్ ఎవరంటే, 17వ శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారిని తన ఇంట్లో ప్రార్థన చేసుకోనిచ్చినందుకు అరెస్టయిన జాన్ బౌన్. మత స్వేచ్ఛ కోసం నిలబడ్డ మనిషి పేరు చెరిపేసి గుడి పేరు పెట్టి ఉంటే ఎంత ఎబ్బెట్టుగా ఉండేదో! రెండూ ఉన్నాయి కాబట్టి అక్కడ నిలబడి పిల్లలకు రెండు కథలూ చెప్పొచ్చు.

ఇలా చట్టపరమైన పేరు అలాగే ఉంచి, దానికి తోడుగా పెట్టే పేరే గౌరవనామం. మామూలు బోర్డు కిందో పైనో మరో బోర్డు వస్తుంది. షికాగోలో అయితే వీధి బోర్డులు ఆకుపచ్చగా, గౌరవనామం బోర్డులు బ్రౌన్ రంగులో ఉంటాయి. చూడగానే తేడా తెలిసిపోతుంది.

"అంత గొప్ప మనిషికి సగం గౌరవం ఎందుకు, ఏకంగా వీధి పేరే మార్చేద్దాం" అనేవాళ్లు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. వాళ్లకు అమెరికాలోని కాన్సస్ సిటీ సంగతి చెప్పండి. అక్కడ 2019 జనవరిలో 'ద పసేయో' అనే పాత, పేరున్న రోడ్డును మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పేరుకు మార్చారు. ఆ వీధిలో 75 శాతం మంది ఆస్తి యజమానుల ఒప్పుదల ఉండాలన్న నగర నియమాన్ని కౌన్సిల్ పక్కన పెట్టేసింది. అదే ఏడాది నవంబరులో ఓటింగ్ జరిగితే దాదాపు 70 శాతం మంది పాత పేరే కావాలన్నారు. బోర్డులు దించేశారు. శాండియేగోలోనూ అంతే: 1986లో మార్కెట్ స్ట్రీట్‌కు కింగ్ పేరు పెట్టారు, 1987లో ఓటర్లు వెనక్కి తిప్పారు. కింగ్ అంతటివాడి పేరుకే ఈ గతి పట్టింది. చిరునామా మారుతుందంటే దుకాణదారుడికి బిల్లు పుస్తకాలు, బ్యాంకు కాగితాలు, లైసెన్సులు గుర్తొస్తాయి. తనను అడగకుండా మార్చారంటే ఇంటాయనకు కోపం వస్తుంది. అసలు మనిషి గొప్పతనం ఆ గొడవలో మరుగున పడిపోతుంది.

అందుకే నా సలహా ఒక్కటే: చిన్నగా అడగండి. ఊరంతా పారే పెద్ద రోడ్డు కాదు, ఆ మనిషి నిజంగా పనిచేసిన చోట ఒక్క మలుపు నుంచి ఇంకో మలుపు దాకా చాలు. చిన్న ముక్కకు ఒప్పుదల తేలిగ్గా వస్తుంది, వచ్చాక గట్టిగా నిలబడుతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఈ లెక్కమీదే నడుస్తాయి.

అడుగు 1: ముందు నియమాలు చదవండి

సంతకాల కాగితం పట్టుకుని బయల్దేరే ముందు మీ మున్సిపల్ ఆఫీసులో గౌరవనామాలకు రాతపూర్వక విధానం ఉందేమో కనుక్కోండి. కొన్నిచోట్ల పూర్తి విధానం, దరఖాస్తు ఫారం ఉంటాయి. కొన్నిచోట్ల కౌన్సిల్ తీర్మానం ఒక్కటే దారి. ఏదైనా సరే, ఈ ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోండి:

- జీవించి ఉన్నవారి పేరు పెట్టొచ్చా? చనిపోయినవారైతే ఎన్నేళ్లు ఆగాలి?
- దరఖాస్తు ఎవరు చేయాలి: పౌరులా, సంఘమా, వార్డు ప్రతినిధి మాత్రమేనా?
- ఎంతమంది సంతకాలు కావాలి? వీధిలో ఉండేవాళ్లవా, ఆస్తి యజమానులవా, ఇద్దరివీనా?
- బోర్డు ఖర్చు ఎవరిది? పాడైతే మళ్లీ పెట్టే ఖర్చు ఎవరిది?
- గౌరవనామం శాశ్వతమా, కొన్నేళ్లకు పునరుద్ధరించుకోవాలా?
- ఆ రోడ్డు నగరపాలకులదేనా, లేక రాష్ట్ర ప్రభుత్వ రహదారి విభాగానిదా?

ఆఖరి ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. రోడ్డు వేరే శాఖదైతే మున్సిపల్ కౌన్సిల్ ఎంత ఏకగ్రీవంగా తీర్మానం చేసినా స్తంభానికి బోర్డు ఎక్కదు. ఇది మొదటి రోజే తేల్చుకోవాల్సిన సంగతి.

బతికున్నవారి విషయంలో నియమం లేకపోయినా జాగ్రత్త మంచిది. భౌగోళిక పేర్లపై 2002లో బెర్లిన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు, బతికున్న మనుషుల పేర్లు పెట్టడాన్ని ప్రోత్సహించవద్దని, మరణం తర్వాత ఎంతకాలం ఆగాలో మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసుకోవాలని సూచించింది. ఆ తీర్మానం కొండలు, వాగుల వంటి భౌగోళిక రూపాల గురించి. వీధులకూ ఆ తర్కం వర్తిస్తుంది. మనిషి కథ పూర్తయ్యాకే దాన్ని లోహపు రేకు మీద రాయడం సురక్షితం. అయితే కెనడాలోని మార్కమ్ నగరం ఎ.ఆర్. రెహమాన్ పేరును 2013లో ఆయన బతికుండగానే ఒక వీధికి పెట్టింది. కొత్త పేరుకూ గౌరవనామానికీ ఉన్న తేడా కూడా ఇక్కడ తెలుస్తుంది. రెహమాన్‌ది ఆ వీధి అసలు పేరే. పాత పేరును పక్కకు నెట్టాల్సిన పనే లేదు. మీ ప్రాంతంలో కొత్త లేఅవుట్ వస్తుంటే ఆ దారి కూడా ఆలోచించండి.

సమయం గురించి ఒక మాట. న్యూయార్క్‌లో ఇలాంటి పేరు ముందు స్థానిక కమ్యూనిటీ బోర్డు (పేట సంగతులు చూసే సలహా కమిటీ) దగ్గరికి వెళ్తుంది, తర్వాత సిటీ కౌన్సిల్‌కు, ఆపైన మేయర్ దగ్గరికి. ఎన్నో పేర్లను ఒకే బిల్లులో కలిపి పాస్ చేస్తారు కాబట్టి మీ దరఖాస్తు సిద్ధంగా ఉన్నా తర్వాతి బిల్లు దాకా ఆగాలి. మీ ఊళ్లో మెట్లు వేరేగా ఉండొచ్చు, ఆగక తప్పని మెట్లు మాత్రం ఉంటాయి. "వచ్చే వర్ధంతికి బోర్డు ఆవిష్కరణ" అని ముందే ప్రకటించేస్తే అనవసరమైన టెన్షన్. తీర్మానం చేతికొచ్చాకే తేదీ చెప్పండి.

అడుగు 2: కుటుంబాన్ని అడగండి

చిన్న అడుగే, కానీ వెనక్కి జరపకూడదు. భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు ఏమంటారో మొదటే కనుక్కోండి. కొందరికి ప్రచారం ఇష్టముండదు. కొన్ని కుటుంబాల్లో ఆస్తి గొడవలుంటాయి, ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటారు. ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టి చివర్లో "సర్‌ప్రైజ్" ఇద్దామనుకోవడం అందరికన్నా ముందు కుటుంబాన్నే ఇబ్బంది పెడుతుంది. వాళ్లు ఒప్పుకుంటే ఒక ఉత్తరం మీద సంతకం తీసుకోండి. పేరు ఎలా రాయాలో, ఏ ఫొటో వాడొచ్చో కూడా అందులోనే రాయించుకోండి.

అడుగు 3: మనిషి గురించి ఫైలు తయారు చేయండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. చాలా దరఖాస్తులు నీరుగారిపోయేది ఇక్కడే. "నిస్వార్థ సేవకుడు, మహోన్నత వ్యక్తి, అందరివాడు" అని రెండు పేజీలు నిండా రాస్తారు. చదివే అధికారికి ఆ మాటలు ఇంకో వంద దరఖాస్తుల్లోనూ కనిపిస్తాయి. విశేషణాలు కొట్టేసి, ఏం చేశారో రాయండి.

ఊహించి ఒక ఉదాహరణ చెప్తాను. "ఆమె మహిళల అభ్యున్నతికి విశేష కృషి చేశారు" అని రాస్తే ఏమీ తెలియదు. "ఈ వీధికి బస్సు రావాలని ఆమె ఆరేళ్లు వరసగా అర్జీలు పెట్టారు. మొదటి రెండు అర్జీలు తిరస్కరించారు. ఇప్పుడు మూడు రూట్ల బస్సులు ఇక్కడ ఆగుతున్నాయి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చే నర్సులు ఆ బస్సులోనే ఇంటికొస్తున్నారు" అని రాస్తే ఆమె ఎవరో కళ్లకు కడుతుంది. పక్కన ఆ అర్జీల కాపీలు పెడితే ఇక వాదనే ఉండదు.

ఫైలులో ఉండాల్సినవి: పుట్టిన, చనిపోయిన తేదీలు, ఆ ప్రాంతంలో ఎన్నేళ్లున్నారు, చేసిన పనుల జాబితా ఏళ్లవారీగా, ప్రతి పనికీ ఒక ఆధారం. ఆధారమంటే పత్రికా కత్తిరింపు, సంఘం మినిట్స్ పుస్తకం, పాత ఆహ్వానపత్రిక, స్కూలు రికార్డు, తేదీ వేసి ఉన్న ఫొటో, ఏదైనా సరే. కాగితం దొరకనిచోట ఆ పని ప్రత్యక్షంగా చూసినవారి దగ్గర సంతకంతో వాంగ్మూలం తీసుకోండి. వయసు మీదపడినవారి మాటలు ముందు రికార్డు చేయండి. కాగితాలు వచ్చే నెలైనా దొరుకుతాయి, జ్ఞాపకాల సంగతి అలా చెప్పలేం.

మద్దతు ఉత్తరాలు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, ఎవరివన్నది ముఖ్యం. ఒకే సంఘం సభ్యులు ఒకే నమూనా మీద సంతకం చేసిన ముప్పై ఉత్తరాల కన్నా ఒక స్కూలు ప్రిన్సిపాల్, ఒక దుకాణదారుడు, ఒక పారిశుద్ధ్య కార్మికుడు, వేరే మతానికో కులానికో చెందిన ఒక పొరుగింటాయన తమ మాటల్లో రాసిన ఐదు ఉత్తరాలు మేలు. "మావాడు కాబట్టి" అన్న అనుమానం వాటితోనే పోతుంది.

ఇప్పుడు చేదు భాగం. ఆ మనిషి మీద ఉన్న విమర్శలన్నీ మీరే ముందు వెతకండి. కోర్టు కేసులు, డబ్బు లెక్కల వివాదాలు, ఎవరినైనా నొప్పించిన మాటలు, అన్నీ. భక్తితో పనిచేసే కమిటీకి ఇది ఇబ్బందిగానే ఉంటుంది. చేయకపోతే ఆ పని వేరెవరో బహిరంగ సమావేశంలో మైకు పట్టుకుని చేస్తారు. 2007లో బ్రూక్లిన్‌లోని గేట్స్ అవెన్యూలో కొంత భాగానికి ఉద్యమకారుడు సానీ కార్సన్ పేరు పెట్టాలని ఆయన అభిమానులు గట్టిగా పట్టుబట్టారు. జాతి విద్వేషం ధ్వనించే ఆయన పాత మాటలు చర్చకొచ్చి, న్యూయార్క్ సిటీ కౌన్సిల్ దాన్ని ఓటింగ్‌లో తిరస్కరించింది. ఇంగ్లండ్‌లో స్కార్‌బరో పట్టణంలో ఒక కాలిబాటకు టీవీ ప్రముఖుడు జిమ్మీ సావిల్ పేరుండేది. 2011లో ఆయన చనిపోయాక లైంగిక దాడుల ఆరోపణలు వెల్లువెత్తడంతో 2012లో ఆ బోర్డు పీకేశారు. కొన్నేళ్లు ఆగమనే నియమం ఎందుకుందో ఇలాంటివి చూస్తే అర్థమవుతుంది.

చిన్న చిన్న లోపాలు ఎవరికైనా ఉంటాయి. వాటిని దాచకుండా ఒక పేరాలో నిజాయితీగా రాసి, అయినా ఈ గౌరవం ఎందుకు తగినదో చెప్పండి. పెద్ద విషయం బయటపడితే అక్కడితో ఆపేయండి.

ఇంకా ఎవరి పేరనేది తేలకపోతే, మీ చుట్టూ ఉన్న వీధి బోర్డులు ఒకసారి చదువుతూ నడవండి. ఆడవాళ్ల పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. బెర్లిన్‌లోని ఫ్రీడ్రిక్స్‌హైన్-క్రోయిట్స్‌బెర్గ్ డిస్ట్రిక్ట్ ఈ తేడా గమనించి, సమానమయ్యేదాకా కొత్త వీధులకు మహిళల పేర్లే పెట్టాలని 2005లో నిర్ణయించుకుంది. మీ పేటలో రికార్డులకు ఎక్కని పని చేసిన మంత్రసానో, టీచరమ్మో ఉండే ఉంటారు.

అడుగు 4: ఏ ముక్క?

పెద్ద రోడ్డు దొరికితే పెద్ద గౌరవం అనుకోవడం సహజమే. నేను ఒప్పుకోను. షికాగోలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ముందున్న మిషిగన్ అవెన్యూ ముక్కకు 1995లో 'స్వామి వివేకానంద వే' అని గౌరవనామం పెట్టారు. 1893 సెప్టెంబరులో సర్వమత మహాసభలో వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. ముక్క చిన్నదే. అక్కడ నిలబడినవాడికి మాత్రం పేరు ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

సంబంధం ఇంకోలా కూడా ఉండొచ్చు. న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో 74వ వీధికి 2004లో 'కల్పనా చావ్లా వే' అని పేరు పెట్టారు. అది కల్పన ఇల్లో, ఆఫీసో ఉన్న వీధి కాదు. అక్కడి భారతీయులంతా కలిసే బజారు అది, ఆమెను తమ మనిషిగా తలుచుకునే చోటు. ఇల్లు, పనిచేసిన చోటు, గెలిచిన పోరాటం జరిగిన చోటు, తలుచుకునే జనం కలిసే చోటు: ఈ వరసలో ఆలోచిస్తూ పోతే సరైన మలుపు దొరుకుతుంది.

దొరికాక అక్కడికి వెళ్లి చూడండి. స్తంభం ఉందా? దాని మీద ఇప్పటికే ఎన్ని బోర్డులున్నాయి? చెట్టు కొమ్మలు కప్పేస్తాయా? ట్రాఫిక్ సిగ్నల్‌కు అడ్డమవుతుందా? నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, చేతిగీతతోనైనా సరే ఒక పటం గీసి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది గుర్తు పెట్టండి. అదే మలుపులో ఇంకొకరి పేరుతో బోర్డు ఉంటే వేరే మలుపు చూసుకోండి. ఒకే స్తంభానికి నాలుగు పేర్లు వేలాడితే ఎవరికీ గౌరవం దక్కదు.

అడుగు 5: బోర్డు మీద ఏం రాయాలి

నడిచేవాళ్లు ఆగి చదువుతారు, బండి మీద వెళ్లేవాళ్లకు ఒకటి రెండు సెకన్లే దొరుకుతాయి. అమెరికాలో వీధి పేర్ల బోర్డుల మీద పేరు అక్షరాలు మామూలుగా కనీసం 6 అంగుళాల ఎత్తు, గంటకు 25 మైళ్లు మించని లోకల్ వీధుల్లో కనీసం 4 అంగుళాలు ఉండాలని ట్రాఫిక్ ప్రమాణం. అంత పెద్ద అక్షరాలతో "డాక్టర్, పద్మ, ప్రొఫెసర్, శ్రీ, గారు" అన్నీ చేర్చి రాస్తే బోర్డు స్తంభాన్ని మించిపోతుంది. జనం నిజంగా పిలిచిన పేరు రాయండి. అందరూ 'మాస్టారు' అనే పిలిచేవారంటే ఆ మాటే ఉంచండి. ధ్రువపత్రంలోని నాలుగు ముక్కల పేరు కన్నా అదే ఎక్కువ మందికి గుర్తుంటుంది.

ఇంగ్లిష్ స్పెల్లింగు కుటుంబం రాసే పద్ధతిలోనే ఉండాలి. 'లక్ష్మి'ని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మనందరికీ తెలుసు. రెండు భాషల్లో బోర్డు అనుమతిస్తే తెలుగు వత్తులు, దీర్ఘాలు ప్రింటుకు ముందు తెలుగు బాగా తెలిసినవారితో చూపించుకోండి. సరైన ఫాంటు లేని కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు జారడం మామూలే, తయారీదారుకు తెలుగు రాకపోతే అది అలాగే అచ్చయిపోతుంది. ఫైలును బొమ్మ రూపంలో ఇచ్చి, నమూనా మీద సంతకం పెట్టాకే తయారు చేయమనండి.

పక్క వీధి పేరుతో కలిసిపోయేలా, ఉచ్చారణలో దగ్గరగా ఉండే పేరు వద్దు. అంబులెన్సు, ఫైరింజను అసలు చిరునామాతోనే వస్తాయి, కానీ ఫోన్లో కంగారుగా మాట్లాడే మనిషి బోర్డు మీద ఏది కనిపిస్తే అది చెప్పేస్తాడు.

అడుగు 6: ఇంటింటికీ వెళ్లండి

నియమం ప్రకారం సంతకాలు అక్కర్లేకపోయినా వెళ్లండి. కాన్సస్ సిటీలో తప్పింది ఇదే. ఆ ముక్కలో ఉన్న ప్రతి ఇల్లు, దుకాణం, గుడి, చర్చి, మసీదు, స్కూలు జాబితా రాసుకుని ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు ఆ వీధిలోనే ఉండేవారైతే మంచిది. చేతిలో ఒకే పేజీ ఉండాలి: ఒక వైపు మనిషి గురించి నాలుగు వాక్యాలు, ఫొటో, ఇంకో వైపు బోర్డు ఎలా ఉంటుందో బొమ్మ, ఏమేమి మారవో జాబితా.

తలుపు తీసినవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ఉంటాయి.

"నా అడ్రసు మారుతుందా?" మారదు. చట్టపరమైన పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడ్ అన్నీ అలాగే ఉంటాయి.

"ఆధార్, పాస్‌పోర్టు, లైసెన్సు కాగితాలు?" ఏదీ మార్చుకోనక్కర్లేదు.

"పన్ను పెరుగుతుందా?" గౌరవనామానికీ ఆస్తి పన్నుకూ సంబంధం లేదు.

"రేపు ఇదే అసలు పేరు చేసేస్తారా?" దీనికి జాగ్రత్తగా జవాబివ్వండి. అది మీ చేతిలో లేనిది. "మేం అడుగుతున్నది గౌరవనామమే, దరఖాస్తులో అలాగే రాశాం, చూడండి" అని కాగితం చూపించండి. ఇవ్వలేని హామీ ఇవ్వొద్దు.

"ఆయనే ఎందుకు, మా నాన్న కూడా చాలా చేశారు." ఈ మాట తప్పకుండా వస్తుంది. కొట్టిపారేయకండి. ఆయన గురించి అడిగి రాసుకోండి. వచ్చే ఏడాది ఆ దరఖాస్తుకు మీరు సాయం చేయాల్సి రావచ్చు.

వద్దన్నవారి పేర్లు, కారణాలు కూడా విడిగా రాసుకోండి. వాటిని ఫైలులో దాచకుండా సంఖ్య చెప్పండి: ఇన్ని ఇళ్లు కలిశాం, ఇంతమంది సరే అన్నారు, ఇంతమంది వద్దన్నారు, ఇన్ని తలుపులు తెరుచుకోలేదు. అద్దెకుండేవారి సంతకం, యజమాని సంతకం వేర్వేరు కాలమ్‌లలో ఉండాలి. సంతకంతో పాటు చిరునామా, తేదీ లేకపోతే పరిశీలనలో అది లెక్కలోకి రాకపోవచ్చు. సేకరించిన వివరాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. జనం ఇచ్చింది దరఖాస్తు కోసం మాత్రమే.

అడుగు 7: దరఖాస్తు, తీర్మానం చిత్తు

వార్డు ప్రతినిధిని ఫైలు పూర్తయ్యాకే కలవండి. ఖాళీ చేతులతో వెళ్తే "చూద్దాం" అంటారు. పూర్తి ఫైలుతో వెళ్తే "ఎప్పుడు పెడదాం" అంటారు. ఒక పార్టీ మనిషిని మాత్రమే కలిసి మిగతావాళ్లను వదిలేస్తే రేపు బోర్డు మీద పార్టీ రంగు పడుతుంది. కౌన్సిల్‌లో ఉన్న అన్ని పక్షాలకూ ఒకే ఉత్తరం, ఒకే రోజు ఇవ్వండి.

తీర్మానం చిత్తు మీరే రాసిస్తే ఆఫీసులో పని తేలికవుతుంది. ఈ తీరులో ఉంటే చాలు:

"…… వీధిలో …… కూడలి నుంచి …… కూడలి వరకు గల భాగానికి, ఈ ప్రాంతంలో …… నుంచి …… వరకు …… చేసిన …… గౌరవార్థం '……' అనే గౌరవనామం ఇవ్వడానికి కౌన్సిల్ ఆమోదిస్తున్నది. ఈ వీధి చట్టపరమైన పేరు, ఇంటి నంబర్లు, తపాలా చిరునామాలు యథాతథంగా కొనసాగును. గౌరవనామం బోర్డు ప్రస్తుత బోర్డుకు అదనంగా, దాన్ని తొలగించకుండా ఏర్పాటు చేయవలెను. బోర్డు తయారీ, నిర్వహణ బాధ్యత …… వహించును."

'చట్టపరమైన పేరు యథాతథం' అన్న వాక్యాన్ని ఎవరు తీసేయమన్నా తీయకండి. మీరు ఇంటింటికీ ఇచ్చిన మాట అదే.

అడుగు 8: బహిరంగ సమావేశం

మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. అయిదుగురు లేచి ఒకే పొగడ్త చెబితే సభ్యులు ఫోన్లు చూసుకుంటారు. పని పంచుకోండి: ఒకరు మనిషి చేసిన ఒకే ఒక పని చెప్పాలి, ఒకరు ఇళ్ల సర్వే లెక్కలు, ఒకరు ఆ వీధిలో ఉండే సామాన్యుడిగా ఎందుకు ఒప్పుకున్నాడో. కుటుంబ సభ్యులు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కూర్చుంటే చాలు. ఎదురు మాట్లాడినవారికి అరుపులతో జవాబివ్వొద్దు. వాయిదా పడితే ఏ సమాచారం తక్కువైందో రాతపూర్వకంగా అడగండి. "మళ్లీ చూద్దాం" అన్న మాటతో ఇంటికొచ్చేస్తే ఫైలు అల్మరాలోకి వెళ్తుంది.

అడుగు 9: బోర్డు, ఆవిష్కరణ

బోర్డును బయట చేయించి మీరే తగిలించకండి, ఎంత ఉత్సాహమున్నా. రంగు, పరిమాణం, మెరిసే రేకు రకం, ఎత్తు అన్నీ రోడ్ల విభాగం చెప్పినట్టే ఉండాలి, తగిలించేది వాళ్ల మనుషులే కావాలి. రెండు బోర్డులు చేయించే వీలుంటే ఒకటి కుటుంబానికి జ్ఞాపికగా ఇవ్వండి, శాలువా కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

ఆవిష్కరణ రోజు రోడ్డు మూయాలంటే పోలీసుల అనుమతి ముందే తీసుకోవాలి. వేదిక మీద రాజకీయ నాయకుల కుర్చీలు తగ్గించి, ఆ మనిషి వల్ల మేలు పొందిన ఇద్దరు ముగ్గురికి చోటివ్వండి. గుడ్డ లాగే తాడు ఒకసారి ముందు రోజు లాగి చూడండి. పైన చిక్కుకుపోతే ఎవరో నిచ్చెన కోసం పరుగెత్తాలి, ఫొటోల్లో అదే మిగులుతుంది.

బోర్డు పడ్డాక

పేరు ఒక్కటే ఉంటే పదేళ్ల తర్వాత కొత్తగా వచ్చినవారికి అది ఎవరిదో తెలియదు. స్తంభం దగ్గర గాని, పక్కనున్న లైబ్రరీలో గాని నాలుగు వాక్యాల ఫలకం పెట్టించండి. మీరు సేకరించిన ఫైలు కాపీ ఒకటి అదే లైబ్రరీకి ఇవ్వండి. అర్జీలు, ఫొటోలు, వాంగ్మూలాలు ఒకచోట చేరడం ఆ ప్రాంతం చరిత్రకే లాభం. దుకాణాలవారు గౌరవనామాన్ని విజిటింగ్ కార్డు మీద వేసుకుంటామంటే సంతోషమే, అసలు చిరునామా మాత్రం పక్కన తప్పక ఉండాలని చెప్పండి. మ్యాపుల యాప్‌లలో వీధి పేరే మార్చేసే ప్రయత్నం ఎవరూ చేయకుండా చూడండి, డెలివరీ కుర్రాళ్ల దగ్గర్నుంచి అంబులెన్సు దాకా అందరికీ ఇబ్బంది.

బోర్డు ఎండకు వెలుస్తుంది, లారీ తగిలి వంగుతుంది, ఒక్కోసారి దొంగతనమూ అవుతుంది. ఏడాదికోసారి చూసి ఫొటో తీసి పెట్టడానికి ఒకరిని నియమించండి. పునరుద్ధరణ గడువు ఉంటే ఆ తేదీ ఇద్దరి ఫోన్లలో ఉండాలి, ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరు ఊరు మారితే అంతే సంగతులు.

ఒకవేళ దరఖాస్తు తిరస్కరిస్తే, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో అడిగి తెలుసుకోండి. ఈలోగా అదే ఫైలుతో పార్కు బెంచీకో, రీడింగ్ రూముకో, స్కూలు స్కాలర్‌షిప్‌కో, బస్టాపుకో పేరు అడగొచ్చు. బస్సు కోసం ఆరేళ్లు అర్జీలు పెట్టిన మనిషికి వీధి కన్నా బస్టాపే సరిగ్గా సరిపోతుందేమో కూడా చూసుకోండి.